కన్ను తీశాక పెట్టిన గోళం ముందుకి ఎందుకు తెరుచుకుంటుంది?

పీజీ_రెండో_ఏడు
కన్ను తీసేసి పెట్టిన గోళం మూడు నాలుగు వారాలకే పైపొర విచ్చుకుని తెల్లగా కనిపించడానికి అసలు కారణం ఏంటి? ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు. సైజు ఎక్కువైందని ఒకరు, పీఎంఎంఏ (నున్నటి ప్లాస్టిక్) కాకుండా పోరస్ (సన్న రంధ్రాలున్న గోళం) పెట్టాల్సిందని ఇంకొకరు, ఇన్ఫెక్షన్ అని మరొకరు. పుస్తకాల్లో చూస్తే "పొరలు పొరలుగా మూయాలి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఏ పొర, ఎక్కడ పట్టుకోవాలి, ఏ దారంతో వేయాలి, 18 ఎంఎం పెట్టాలా 20 పెట్టాలా? ఈ పని తెలిసినవాళ్లు కాస్త విడమరిచి రాయండి.

వరంగల్_ఆర్బిట్
ముందు సైజు మీద పడ్డ నింద తీసేద్దాం. పెద్దవాళ్ల కనుగుడ్డు ఘనపరిమాణం దాదాపు 7 ఎంఎల్. 16 ఎంఎం గోళం 2.1 ఎంఎల్, 18 అయితే 3, 20 అయితే 4.2, 22 అయితే 5.6. వ్యాసంలో రెండే ఎంఎం తేడా కనిపిస్తుంది కానీ పరిమాణంలో ఎంఎల్ చొప్పున మారిపోతుంది. దాని ముందు పెట్టే కృత్రిమ కన్ను 2 నుంచి 2.5 ఎంఎల్ మించకూడదు. ఇప్పుడు 16 పెట్టి చూడండి. ఇంచుమించు రెండున్నర ఎంఎల్ ఖాళీ మిగిలిపోతుంది. ఆ ఖాళీ పైరెప్ప మీద గుంటగా తేలుతుంది. గుంట పూడ్చాలని కృత్రిమ కన్ను మందంగా చేయించుకుంటారు. ఆ బరువు కింది రెప్ప మోయాలి. కొన్నేళ్లకి ఆ రెప్ప వేలాడిపోయి కన్ను జారిపోతూ ఉంటుంది. భయంతో చిన్న గోళం పెట్టడం వల్ల వచ్చే చిక్కు ఇది.

తెరుచుకోవడానికి నేను చూసే కారణాలు వేరే. గోళం లోతుగా దిగలేదు, టెనాన్స్ పొర (గుడ్డుని చుట్టి ఉండే పీచు తొడుగు) కుట్టులో పడలేదు, పడినా లాగి బిగించి కట్టారు. 20 ఎంఎం గోళం లోతుగా కూర్చుంటే ఇబ్బంది పెట్టదు. 16 ఎంఎం గోళమైనా పైపైన కూర్చుంటే బయటికొస్తుంది.

సైజర్_పెట్టె
వరంగల్ సార్ చెప్పిన లెక్క సరే, మరి ఆ రోగికి ఏది పడుతుందో ముందే తెలియాలి కదా. ఏ-స్కాన్ అల్ట్రాసౌండ్‌లో వచ్చిన కంటి పొడవులోంచి 2 ఎంఎం తీసేస్తే గోళం వ్యాసం దగ్గరగా వస్తుంది. చిన్న కన్నులకి, ఎవిసరేషన్‌కి (తెల్లగుడ్డు పెంకు ఉంచి లోపలి పదార్థం మాత్రమే తీయడం) ఇంకో ఎంఎం తగ్గించుకోండి. తీయబోయే కన్ను కుంచించుకుపోయి ఉంటే రెండో కన్ను కొలవాలి. గోళానికి స్క్లీరా (తెల్లగుడ్డు పొర) చుట్టి పెడితే ఆ చుట్టే 1 నుంచి 1.5 ఎంఎం కలుపుతుంది. చాలామంది మర్చిపోయేది ఇదే. 20 అనుకుని పెట్టింది లోపల 21న్నర అయి కూర్చుంటుంది.

ఓటీ_సిస్టర్_గుంటూరు
సైజర్లు (సైజు చూసే నమూనా గోళాలు) 16, 18, 20, 22 నాలుగూ స్టెరైల్ చేసి బల్ల మీద ఉండాలి. గోళాలు కూడా అంతే, అనుకున్న సైజుకి ఒకటి పైది, ఒకటి కిందిది చేతికందేలా ఉంచుకోవాలి. అసలు గోళం ప్యాకెట్ మాత్రం సైజర్ పెట్టి చూశాకే విప్పాలి. ఇంకొక మాట. ఏ కన్ను అన్నది కేస్ షీటు, అంగీకారపత్రం, నుదుటి మీద గుర్తు, మూడూ కలిపి చూడాలి. మత్తు ఇచ్చాక, కత్తి పెట్టకముందు సర్జన్ ఆ కంట్లోకి ఇంకోసారి చూసుకోవాలి. పైకి మామూలుగా కనిపించే కన్నుల్లో కణితి కోసం చేసే ఆపరేషన్లలో ఇది తప్పనిసరి.

పీజీ_రెండో_ఏడు
ముందు టెనాన్స్, వెనక టెనాన్స్ అంటారు కదా. గుడ్డు తీసేశాక అంతా ఒకే ఎర్రటి గుంటలా కనిపిస్తుంది. దేన్ని ఏదని గుర్తుపట్టాలి?

నేత్రశాల_పాతబల్ల
మంచి ప్రశ్న. గుడ్డు బయటికి వచ్చాక గాజు గుడ్డ కుక్కి, గడియారం చూసి ఐదు నుంచి పది నిమిషాలు గట్టిగా నొక్కి ఉంచండి. రక్తం ఆగకుండా లోపలికి చూస్తే ఏ పొరా తెలియదు. ఆగాక రిట్రాక్టర్లు పెట్టి చూడండి. గుంట అడుగున, నరం తెగిన చోట ఒక రంధ్రం ఉంటుంది. అందులోంచి పసుపు కొవ్వు తొంగిచూస్తూ ఉంటుంది. ఆ రంధ్రం అంచులే వెనక టెనాన్స్. వేలితోనో కత్తెర మొనతోనో దాన్ని కాస్త వెడల్పు చేసి, గోళాన్ని అందులోంచి కండరాల శంకువు లోపలికి దింపాలి. దించాక ఆ అంచుల్ని గోళం ముందుకి తెచ్చి 5-0 వైక్రిల్‌తో (దానంతటదే కరిగే దారం) విడివిడి కుట్లు వేయాలి. ఇది మొదటి తలుపు.

ముందు టెనాన్స్ కంజెంక్టైవాకి (కంటి తెల్లగుడ్డుని కప్పే పైపొర) అడుగున అతుక్కుని ఉంటుంది. కంజెంక్టైవా పల్చగా, మెరుస్తూ, ఉల్లిపొరలా ఉంటుంది. టెనాన్స్ తెల్లగా, మొరటుగా, పీచులా ఉంటుంది. పళ్లున్న ఫోర్సెప్స్‌తో కంజెంక్టైవా అంచు ఎత్తి, దాని కింద ఆ పీచు దొరికేదాకా వెతకాలి. రెండు వైపుల పీచునీ పట్టుకుని మధ్యకి తెచ్చి చూడండి. లాగకుండానే కలవాలి. కలిపినప్పుడు పొర పాలిపోయినా, వదలగానే రబ్బరులా వెనక్కి ఎగిరినా గోళం ఇంకా పైనే ఉందని అర్థం. అప్పుడు కుట్టు బిగించడం కాదు, గోళాన్ని బయటికి తీసి మళ్లీ దింపాలి, లేదా ఒక సైజు తగ్గించాలి. ఈ పరీక్ష పాస్ కాకుండా ముడి వేస్తే మూడో వారంలో మీరడిగిన తెల్ల చుక్క కనిపిస్తుంది.

ముందు టెనాన్స్‌కి కూడా 5-0 వైక్రిల్ విడి కుట్లే, మూడు నాలుగు ఎంఎం దూరంలో, ముడులు లోపలికి పోయేలా. రెండు వరసలు వేయగలిగితే ఇంకా మంచిది. ఇది అయ్యేసరికి కంజెంక్టైవా అంచులు వాటంతటవే ఆనుకుని ఉండాలి. దానికి 6-0 లేదా 7-0తో వరస కుట్టు చాలు, బలం అక్కర్లేదు. బరువంతా టెనాన్స్‌దే.

కర్నూలు_కంటిపాప
పై పోస్టులో ఆ చివరి మాట ప్రింట్ తీసి ఓటీలో అంటించాలి. కంజెంక్టైవా అంచులు లోపలికి మడత పడకుండా చూసుకోండి అని కూడా కలపండి. మడత పడితే లోపల నీటి తిత్తి పెరుగుతుంది, కృత్రిమ కన్ను కుదురుగా కూర్చోదు.

డల్లాస్_ఆక్యులో
అందరూ పీఎంఎంఏ లెక్కలోనే మాట్లాడుతున్నారు. పోరస్‌ని అంత తేలిగ్గా పక్కన పెట్టకూడదు. పగడం నుంచి చేసిన హైడ్రాక్సీఅపటైట్‌కి అమెరికాలో 1989లోనే అనుమతి వచ్చింది. తర్వాత పోరస్ పాలిథిలీన్, అల్యూమినా వచ్చాయి. వీటి రంధ్రాల్లోకి రక్తనాళాలు, పీచు పెరిగి గోళం శరీరంలో భాగమైపోతుంది. పక్కకి జారడం తక్కువ. చిన్న ఎక్స్‌పోజర్ (పైపొర విచ్చుకుని గోళం బయటపడటం) వచ్చినా కింద కండ పట్టి ఉంటే దానంతటదే మూసుకునే అవకాశం ఉంది. నున్నటి పీఎంఎంఏ మీద కండ పట్టడానికి ఆధారమే లేదు. ఒకసారి తెరుచుకుంటే పెరుగుతూ పోయి చివరికి గోళమే బయటపడుతుంది.

వరంగల్_ఆర్బిట్
డల్లాస్ గారు చెప్పిన లాభం నిజమే. కానీ ఆ గరుకుతనమే లోపలికి దింపేటప్పుడు శత్రువు. పోరస్ గోళాన్ని నేరుగా నొక్కితే తుమ్మ ముళ్లకి చీర కొంగు తగులుకున్నట్టు ముందు టెనాన్స్ మొత్తాన్ని పట్టుకుని తనతో పాటు లోపలికి లాక్కుపోతుంది. పైనుంచి చూస్తే గోళం దిగినట్టే ఉంటుంది. చేయి తీయగానే ఆ లాగిన పొర స్ప్రింగులా గోళాన్ని పైకి తోస్తుంది. మూయడానికి టెనాన్స్ దొరకదు, ఎందుకంటే అది గోళం వెనకే ఇరుక్కుని ఉంటుంది. దొరికిన కంజెంక్టైవాతో మూసేస్తారు. ఎక్స్‌పోజర్ అక్కడే రాసిపెట్టి ఉంది.

విరుగుడు సులువే. స్టెరైల్ ప్లాస్టిక్ డ్రేప్ ముక్క కత్తిరించి గోళాన్ని అందులో పొట్లంలా పట్టుకుని దింపండి. లోతుకి చేరాక గోళాన్ని ఒక వేలితో అదిమిపట్టి, ప్లాస్టిక్‌ని మెల్లగా ఒక పక్క నుంచి లాగేయండి. తర్వాత నాలుగు దిక్కులా ఫోర్సెప్స్‌తో టెనాన్స్ అంచు ఎత్తి, ఎక్కడైనా లోపలికి మడిచి ఉందేమో చూసి బయటికి తీయండి.

పీజీ_రెండో_ఏడు
తుమ్మ ముల్లు పోలికతో పూర్తిగా అర్థమైంది సార్. పీఎంఎంఏకి ప్లాస్టిక్ అక్కర్లేదా?

వరంగల్_ఆర్బిట్
నున్నగా ఉంటుంది కాబట్టి జారుతుంది. అయినా టెనాన్స్ అంచులు ఎత్తి చూసే అలవాటు దానికీ ఉండాలి.

ఓటీ_సిస్టర్_గుంటూరు
పోరస్ పాలిథిలీన్ పెట్టేముందు యాంటీబయాటిక్ కలిపిన సెలైన్‌లో నానబెట్టమంటారు. గిన్నెలో వేస్తే తేలుతూ ఉంటుంది, లోపలికి మందు వెళ్లదు. పెద్ద సిరంజిలో గోళం, సెలైన్ వేసి, ముక్కు వేలితో మూసి పిస్టన్ వెనక్కి లాగాలి. రంధ్రాల్లోంచి గాలి బుడగలు బుసబుసా వస్తాయి. రెండు మూడు సార్లు లాగి బుడగలు ఆగిపోతే గోళం మునుగుతుంది. అప్పుడు తడిసినట్టు. ఇంకో జాగ్రత్త: గాజు గుడ్డ మీద పెట్టొద్దు, దూది పోగులు అంటుకుంటాయి.

మత్తు_విభాగం
సర్జన్లందరికీ ఒక విన్నపం. రెక్టస్ కండరాన్ని (గుడ్డుని కదిలించే నాలుగు నిలువు కండరాల్లో ఒకటి) హుక్‌తో లాగేటప్పుడు మాకు ఒక మాట చెప్పండి. నాడి ఒక్కసారిగా పడిపోతుంది, పిల్లల్లో మరీ ఎక్కువ. పడితే మొదటి మందు మీ చేతిలోనే ఉంది, లాగడం ఆపడం. తేరుకోకపోతే అట్రోపిన్ మేం ఇస్తాం. జనరల్ మత్తు ఇచ్చినా సరే, కంటి వెనక బ్యుపివకైన్ బ్లాక్ (మొద్దుబార్చే సూది) వేస్తే ఈ స్పందన తగ్గుతుంది, ఆపరేషన్ తర్వాత మొదటి కొన్ని గంటల నొప్పి, వాంతులు కూడా తగ్గుతాయి.

నేత్రశాల_పాతబల్ల
కండరాల సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. నాలుగు రెక్టస్‌లనీ కోసేముందే ఒక్కోదానికి రెండు సూదుల 6-0 వైక్రిల్ వేసి క్లిప్ పెట్టుకోవాలి. ఇది చేయకుండా కోస్తే కండరం వెనక్కి జారిపోతుంది, కొవ్వులో వెతుక్కోవాలి. మీడియల్ (ముక్కువైపు), లేటరల్ (చెవివైపు) రెక్టస్‌లు కోసేటప్పుడు గుడ్డు మీద రెండు మూడు ఎంఎం కండరపు మొదలు వదిలేస్తే పట్టుకుని ఎత్తడానికి పనికొస్తుంది.

పాతకాలంలో ఈ నాలుగు కండరాల్నీ గోళం ముందుకి తెచ్చి ఒకదానిపై ఒకటి కట్టేసేవాళ్లు. అలా కట్టొద్దు. నున్నటి గోళం ఆ ముడి కింద నిలవదు, కండరాల మధ్య సందులోంచి పక్కకి జారుతుంది, ఎక్కువగా పైకి, బయటివైపుకి.

కర్నూలు_కంటిపాప
అయితే పీఎంఎంఏకి స్క్లీరా చుట్టి దానికి కండరాలు కుట్టాల్సిందేనా? డోనర్ స్క్లీరా అన్నిచోట్లా దొరకదు.

నేత్రశాల_పాతబల్ల
అక్కర్లేదు. ఒక్కో కండరాన్నీ దాని వైపు ఫార్నిక్స్‌కి (రెప్ప వెనక పొర మడత పడే గాడి) కాస్త ముందుగా, టెనాన్స్‌నీ కంజెంక్టైవానీ కలిపి కుట్టేయడమే. గోళానికీ కండరానికీ ముడి ఉండదు. కండరం లాగితే ఫార్నిక్స్ కదులుతుంది, దాంతో కృత్రిమ కన్ను కదులుతుంది. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి బృందం 150 మంది రోగులతో చేసి 2010లో ప్రచురించిన పోలికలో, ఇలా కుట్టిన పీఎంఎంఏ, కండరాలు ముందుకు కట్టిన పీఎంఎంఏ కంటే కృత్రిమ కన్నుని బాగా కదిలించింది, పోరస్‌తో సమానంగా నిలిచింది. ఖర్చులో మాత్రం రెండింటికీ పోలికే లేదు.

డల్లాస్_ఆక్యులో
ఒప్పుకుంటున్నా. పోరస్ వైపు మొగ్గడానికి ఒకప్పుడు పెద్ద కారణం పెగ్. గోళంలో రంధ్రం చేసి మేకు దింపి కృత్రిమ కన్నుకి జత చేస్తే కదలిక బాగా వచ్చేది. దానికోసం ఆరు నెలలు ఆగి, ఎంఆర్‌ఐలో రక్తనాళాలు పట్టాయని చూసుకునేవాళ్లు. కానీ స్రావం, కండ పెరగడం, పెగ్ ఊడిపోవడం వల్ల ఇప్పుడు చాలామంది మానేశారు. పెగ్ వేయనప్పుడు కదలిక కోసం పోరస్ అనే వాదన బలహీనమే. జారకుండా నిలుస్తుంది అనే వాదన మాత్రం నేను వదలను.

పాథాలజీ_బల్ల
గోళం గురించి ఇంత చర్చ జరుగుతోంది, తీసిన గుడ్డు గురించి కూడా రెండు మాటలు. రెటినోబ్లాస్టోమా (పిల్లల్లో వచ్చే కంటి క్యాన్సర్) అనుమానం ఉంటే నరం పొడవు ముఖ్యం, 15 ఎంఎం దాకా రావాలని చూడండి. గుడ్డుని ఎత్తి పట్టి, వంపు కత్తెర మూసి ఉంచి లోపలికి పోనిస్తే నరం బిగుతు తీగలా తగులుతుంది. కత్తెర తెరిచి దాని రెండు పక్కలా పెట్టి, ఇంకాస్త వెనక్కి అదిమి, ఒక్క కోతతో తెంచాలి. ముక్కలు ముక్కలుగా కోస్తే పొట్టిగా వస్తుంది, చివర నలిగిపోయి మాకు చదవడానికి రాదు. గుడ్డు ఎక్కడా చిల్లు పడకూడదు. 10 శాతం ఫార్మలిన్‌లో నిండా ముంచి పంపండి, మీరు కోసి చూడొద్దు.

ఇంకా ముఖ్యం: లోపల కనిపించని ఏ కంటికైనా బీ-స్కాన్ (కంటి లోపలి అల్ట్రాసౌండ్) లేకుండా ఎవిసరేషన్ చేయొద్దు. కణితి ఉన్న కంటిని చెంచాతో గోకితే కణితిని ఆర్బిట్ (కంటి ఎముక గూడు) నిండా చల్లినట్టే.

పిల్లల_కన్ను
పాథాలజీ వారి మాటకి వంద మార్కులు. పిల్లల విషయంలో ఇంకొకటి. గోళం లేకుండా వదిలేస్తే ఆ వైపు ఎముక గూడు రెండో వైపుతో సమానంగా పెరగదు, ముఖం వంకరగా కనిపిస్తుంది. "చిన్నపిల్ల కదా, 14 చాలు" అనుకోవద్దు. కనుగుడ్డు మొదటి రెండు మూడేళ్లలోనే దాదాపు పెద్దవాళ్ల సైజుకి దగ్గరవుతుంది. రెండేళ్ల పిల్లకి 18 పట్టడం మామూలే. తర్వాత కీమో, రేడియేషన్ పడే అవకాశం ఉంటే గాయం నెమ్మదిగా మానుతుంది, పోరస్ లోపలికి కండ పట్టడమూ ఆలస్యమవుతుంది. అలాంటివాళ్లకి చుట్టు లేని పీఎంఎంఏ లోతుగా పెట్టడమే నాకు నచ్చే దారి.

కర్నూలు_కంటిపాప
ఎవిసరేషన్ మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. పొలంలో వరి ఆకు కోసుకుని ఫంగస్ పుండు పట్టి, కార్నియా కరిగిపోయి వచ్చేవాళ్లు మన దగ్గర ఎక్కువ. లోపలంతా చీము. అదే సిట్టింగ్‌లో గోళం పెట్టొచ్చా?

వరంగల్_ఆర్బిట్
చీము స్క్లీరా దాటి ఆర్బిట్‌లోకి వచ్చి ఉంటే పెట్టను. శుభ్రం చేసి, గాయం చల్లబడ్డాక రెండో దశలో పెట్టడం క్షేమం. లోపలికే పరిమితమైతే మాత్రం పెట్టొచ్చు. ఒకే ఆపరేషన్‌తో అయిపోతుంది, దూరం నుంచి వచ్చే రైతుకి అది చిన్న విషయం కాదు.

నేత్రశాల_పాతబల్ల
ఇక్కడ నేను వరంగల్ సార్‌తో విభేదిస్తాను. ఫంగస్ అయితే స్క్లీరా అంచుల్లో ఎంత దూరం పాకిందో కంటికి కనిపించదు. మెత్తబడిన స్క్లీరా కుట్టు పట్టదు. ఫంగస్ అని తేలితే రెండో దశకే నా ఓటు.

స్క్లీరా గట్టిగా ఉన్నచోట చేసే పద్ధతి రాస్తున్నా. కార్నియా తీసేసి, లోపలి పదార్థమంతా చెంచాతో తీయాలి. నల్లటి యువియా (కంటి లోపలి రక్తనాళాల పొర) ఒక్క మరక కూడా మిగలకూడదు, మిగిలితే రెండో కంటికి సింపథెటిక్ ఆఫ్తాల్మియా (దెబ్బతిన్న కంటి వల్ల మంచి కన్ను కూడా వాచడం) భయం. దూది చుట్టిన పుల్లకి అబ్సల్యూట్ ఆల్కహాల్ అద్ది లోపల తుడిచి, సెలైన్‌తో బాగా కడగాలి. స్క్లీరాని కండరాల మధ్య నాలుగు వాలు దిక్కుల్లో చీల్చి, నరం చుట్టూ కోసి విడదీస్తే నాలుగు రేకులు వస్తాయి, ఒక్కో రేకుకి ఒక్కో రెక్టస్ అతుక్కునే ఉంటుంది. గోళం ఆ రేకుల వెనక్కి వెళ్తుంది, రేకులు దాని ముందు ఒకదానిపై ఒకటి కప్పుకుంటాయి. చీల్చకుండా మొత్తం గిన్నెలోనే ఇరికించాలని చూస్తే 16కి మించి పట్టదు, పట్టించినా బిగుతుకి విచ్చుకుంటుంది.

పీజీ_రెండో_ఏడు
తెరుచుకున్నాక ఏం చేయాలి? మళ్లీ కంజెంక్టైవా లాగి కుట్టేస్తే సరిపోదా?

డల్లాస్_ఆక్యులో
సరిపోదు, వారంలో మళ్లీ విచ్చుకుంటుంది. పోరస్ మీద 3 ఎంఎం లోపు చుక్క అయితే కృత్రిమ కన్ను తీసి, ఆయింట్‌మెంట్‌తో కొన్ని వారాలు చూడొచ్చు. అంతకు మించితే అంచులు తాజాగా గీరి, కింద కొంత పోరస్ పదార్థం డ్రిల్‌తో తగ్గించి, డోనర్ స్క్లీరానో టెంపోరాలిస్ ఫేషియానో (కణత కండరం మీది పొర) అతుకు వేసి, దానిపై టెనాన్స్ కప్పాలి. పీఎంఎంఏ పెద్దగా తెరుచుకుంటే గోళం తీసేయడమే మేలు. ఇన్ఫెక్షన్ లేకపోతే ఆ చోట పిరుదు నుంచి తీసిన చర్మపు లోపొర, దానికి అంటుకున్న కొవ్వు కలిపిన అతుకు పెట్టొచ్చు, పొర కొరత కూడా అదే తీరుస్తుంది. గులాబీ రంగు కండ ముద్ద ఒకటి పైకి లేచి రక్తం కారుతుంటే కత్తిరించి పంపేయొద్దు. దాని అడుగున చిన్న చిల్లు ఉంటుంది, వెతకండి.

కృత్రిమకన్ను_విజయవాడ
కన్ఫార్మర్ గురించి ఎవరూ రాయలేదు. ఆపరేషన్ బల్ల మీదే పెట్టే ఈ ప్లాస్టిక్ చిప్పే ఫార్నిక్స్‌లు అతుక్కోకుండా కాపాడుతుంది. ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుని ఇరికిస్తే దాని వెనకభాగం సరిగ్గా కుట్టు మీద ఆనుతుంది. రెప్పలు ఇబ్బంది లేకుండా మూసుకోవాలి, అదే కొలత. స్రావం బయటికి రావడానికి రంధ్రాలున్నదే వాడండి.

కృత్రిమ కన్ను కొలతకి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పంపండి. వాపు ఉండగా ఆల్జినేట్ అచ్చు తీస్తే రెండు నెలల్లో వదులైపోతుంది. రెడీమేడ్ కన్ను అందరి గుంటకీ ఒకేలా సరిపోదు, దాని అంచు ఒకే చోట రాసుకుంటూ ఉంటే ఏళ్ల తర్వాత కూడా పొర అరిగి గోళం బయటపడుతుంది. అచ్చు తీసి చేసినది బరువుని అంతటా పంచుతుంది. ఏడాదికోసారి పాలిష్ చేయించాలి.

ఓటీ_సిస్టర్_గుంటూరు
ఇంటికి పంపేటప్పుడు చెప్పాల్సిన మాట: కన్ఫార్మర్ ఊడి పడితే కంగారు పడొద్దు, పారేయొద్దు. సబ్బుతో కడిగి శుభ్రమైన డబ్బాలో వేసుకుని అదే రోజు రావాలి. "ఎలాగూ వారం తర్వాత రమ్మన్నారు కదా" అని ఆగితే ఫార్నిక్స్ ముడుచుకుపోతుంది, మళ్లీ పట్టదు. ఒత్తిడి కట్టు మాత్రం 24 నుంచి 48 గంటలు ఇంట్లో ఎవరూ విప్పకూడదు. లోపల రక్తం చేరితే గోళాన్ని ముందుకి తోస్తుంది. కట్టు ఉండగా నొప్పి, వాంతులు పెరుగుతుంటే వెంటనే ఫోన్ చేయమనండి.

పిల్లల_కన్ను
సిస్టర్ రాసినదానికి ఒకటి కలుపుతున్నా. మిగిలిన ఆ ఒక్క కన్నుకి పాలీకార్బొనేట్ కళ్లద్దాలు డిశ్చార్జ్ రోజునే రాసివ్వండి, పవర్ లేకపోయినా సరే.

పీజీ_రెండో_ఏడు
అందరికీ ధన్యవాదాలు. ఒక్క చివరి సందేహం. టెనాన్స్ లాగకుండా కలవట్లేదు, గోళం ఇంకా లోతుకి దిగట్లేదు, చేతిలో 18 కంటే చిన్నది లేదు. అప్పుడు?

నేత్రశాల_పాతబల్ల
వెనక టెనాన్స్ రంధ్రం చాలినంత వెడల్పు కాలేదేమో ముందు చూడండి, పదింట ఎనిమిది సార్లు చిక్కు అక్కడే ఉంటుంది. వెడల్పు చేశాక కూడా దిగకపోతే అడుగున రక్తం గడ్డ ఉందేమో వెతికి తీయండి. అవి రెండూ కాకపోతే గోళం లేకుండా రెండు పొరలూ మూసి, కన్ఫార్మర్ పెట్టి, మూడు నెలల తర్వాత రెండో దశలో పెట్టండి. బలవంతంగా మూసిన గోళాన్ని తీసి మళ్లీ చేయడం కంటే అది ఎంతో సులువు.